హెడ్ విప్పకుండా వాల్వ్ స్ప్రింగుల మార్పు: గాలి ఒత్తిడితో ఇంటి వద్దే చేసుకునే విధానం

వాల్వ్ స్ప్రింగు ఒకటి విరిగినంత మాత్రాన, లేదా వాల్వ్ సీళ్లు (వాల్వు కాడ వెంట నూనె కిందికి దిగకుండా ఆపే రబ్బరు తొడుగులు) గట్టిపడి పొద్దున్నే స్టార్టు చేయగానే నీలి పొగ వచ్చినంత మాత్రాన, ఇంజిన్ హెడ్ మొత్తం విప్పి షెడ్డుకు మోసుకుపోవలసిన అవసరం లేదు. సిలిండర్‌లోకి ప్లగ్ రంధ్రం గుండా గాలి ఎక్కించి, ఆ గాలి ఒత్తిడితోనే వాల్వులను వాటి సీట్లలో నిలబెట్టి, పైనుంచి స్ప్రింగులను మార్చుకోవచ్చు. హెడ్ గాస్కెట్ కదలదు, టైమింగ్ చెదరదు. ఒక రోజంతా తీరిక చేసుకోగలిగి, పానలు పట్టడం అలవాటున్న వారు నెల్లూరులోనైనా కందుకూరులోనైనా తమ ఇంటి వసారాలోనే ఈ పని చేసుకోగలరు. అయితే ఈ పద్ధతిలో వాల్వు కింద పడకుండా పట్టుకునేది గాలి ఒక్కటే కాబట్టి, గాలి ఆగకుండా చూడడం, పిస్టన్ కదలకుండా చూడడం అనే రెండింటి మీదే పని అంతా ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండింటి గురించే.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా రాకర్లు (వాల్వులను పైనుంచి నొక్కే మీటలు), పుష్ రాడ్లు (ఆ మీటలను కిందినుంచి లేపే కడ్డీలు) ఉన్న 4 సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ గురించి. డీజిల్ ఇంజిన్లకూ, క్యామ్‌షాఫ్టు పైనున్న ఇంజిన్లకూ వచ్చే తేడాలను సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

గాలి వాల్వును ఎంత బలంగా పట్టుకుంటుంది

వాల్వు తల వెడల్పు 35 మిల్లీమీటర్లు అనుకుంటే, దాని వైశాల్యం దాదాపు 9.6 చదరపు సెంటీమీటర్లు. సిలిండర్‌లో చదరపు సెంటీమీటరుకు 6 కిలోల ఒత్తిడి, అంటే సుమారు 85 పీఎస్ఐ, ఉన్నప్పుడు ఆ వాల్వును పైకి నెట్టే బలం 57 కిలోలకు పైమాటే. వాల్వును జారిపోకుండా నిలబెట్టడానికి ఇది ధారాళంగా సరిపోతుంది. అదే గాలి పిస్టన్ మీద కూడా పనిచేస్తుందన్న సంగతి మాత్రం మరువరాదు. ఆంబాసడర్ 1489 సీసీ ఇంజిన్‌లో బోరు దాదాపు 73 మిల్లీమీటర్లు కనుక, అదే ఒత్తిడికి పిస్టన్‌ను కిందికి తోసే బలం 250 కిలోల దాకా ఉంటుంది. పిస్టన్ సరిగ్గా పై అంచున ఉన్నంతసేపు ఈ బలం క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇంజిన్ ప్రధాన ఇరుసును) తిప్పలేదు. రెండు మూడు డిగ్రీలు పక్కకు జరిగితే మెల్లగా తిప్పడం మొదలుపెడుతుంది, పిస్టన్ దిగేకొద్దీ ఆ ఊపు పెరుగుతుంది, చివరికి ఫ్యాను దగ్గర చేయి ఉన్నవారి వేళ్లు మిగలవు. అందువల్ల క్రాంకును బంధించకుండా గాలి గొట్టం తగిలించకూడదు.

ముందు రోగాన్ని తేల్చుకోవాలి

ఒక సిలిండర్ సరిగా మండకపోవడం, కార్బురేటర్‌లోంచి టప్‌టప్‌మని ఎదురు పేలడం, రాకర్ కవరు కింద లయ తప్పిన చప్పుడు, వేగం పెంచినప్పుడు మాత్రమే ఊపిరాడనట్టు బండి ఆగిపోవడం వంటివి స్ప్రింగు విరిగినప్పుడో అలసిపోయినప్పుడో కనిపించే గుర్తులు. కవరు విప్పి, టార్చి వెలుగులో ఒక్కొక్క స్ప్రింగును చుట్టూ చూడాలి. విరిగినది తరచుగా రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి మెలిపడి, పైకి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కనుక, చుట్టల మధ్య ఎడం సమానంగా ఉందో లేదో గమనించాలి.

మన తీరప్రాంతంలో స్ప్రింగులు విరగడానికి తుప్పు ఒక ముఖ్య కారణం. కొత్తపట్నం, మైపాడు వంటి సముద్రపు ఊళ్లలో నెలల తరబడి కదలకుండా నిలబడిన బండి కవరు లోపల తేమ చేరుతుంది. నూనె పోసే మూత కింద తెల్లటి మీగడలాంటి పదార్థం కనిపిస్తే తేమ చేరిందని అర్థం. ఆ తేమకు స్ప్రింగు తీగ మీద సన్నని గుంటలు పడతాయి, బండి మళ్లీ రోడ్డెక్కాక ఆ గుంటల దగ్గరే పగులు మొదలవుతుంది. ఇలా తుప్పు గుంటలున్న స్ప్రింగు ఒకటి కనిపిస్తే ఒక్కదాన్నే మార్చి ఊరుకోవద్దు. మిగిలినవి కూడా అదే వయసువి, అదే తేమలో ఉన్నవి.

పని మొదలుపెట్టే ముందు ఇంకొక్కటి చూడాలి. రాకర్ షాఫ్టును పట్టుకున్న నట్లు, హెడ్‌ను పట్టుకున్న నట్లు వేరువేరా, ఒక్కటేనా? ఆంబాసడర్‌లో ఉన్న బీఎంసీ బి-సిరీస్ ఇంజిన్‌లో రాకర్ షాఫ్టు దిమ్మెల మీది 8 నట్లలో 4 నట్లు హెడ్‌ను కూడా బిగించి ఉంచుతాయి. వాటిని మాత్రమే వదులు చేస్తే హెడ్ ఒక వైపు వంగి, నీళ్లు సిలిండర్లలోకో నూనెలోకో దిగే ప్రమాదం ఉంది. అటువంటి ఇంజిన్‌లో ముందు రేడియేటర్ నీళ్లు దించి, హెడ్ నట్లన్నిటినీ మాన్యువల్‌లో చెప్పిన వరుసలో కొద్దికొద్దిగా వదులు చేసి, రాకర్ షాఫ్టు తీశాక ఆ 4 స్టడ్ల మీద దిమ్మెల మందానికి సరిపోయే ఇనుప గొట్టపు ముక్కలు వేసి మళ్లీ అన్నిటినీ చెప్పిన టార్కుకు బిగించి, ఆ తరువాతే గాలి ఎక్కించాలి. నా అభిప్రాయంలో, అలాంటి ఇంజిన్‌కు గాస్కెట్ కూడా పాతబడి ఉంటే, ఈ పద్ధతి వదిలి హెడ్ దించి వాల్వులు నూరించడమే మేలు. రాకర్లకు విడి బోల్టులున్న ఇంజిన్లకే గాలి పద్ధతి నిజమైన లాభం ఇస్తుంది.

గాలి ఏర్పాటు

పంక్చరు కొట్లలో ఉండే కంప్రెసర్ అయితే నిశ్చింత. ఇంటి కంప్రెసర్ అయితే కనీసం 50 లీటర్ల ట్యాంకు, 8 కిలోల దాకా నింపగల మోటారు, ఒత్తిడిని తగ్గించి నిలకడగా ఇచ్చే రెగ్యులేటరు ఉండాలి. సిగరెట్ లైటరులో గుచ్చి టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు ఈ పనికి రాదు, ఎందుకంటే ఎంత మంచి ఇంజిన్‌లోనైనా పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గాలి పోతూనే ఉంటుంది, ఆ పోయే గాలిని పూరించే శక్తి దానికి లేదు.

కరెంటు విషయం ఇక్కడ పెద్దది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేని ఊళ్లలో, ట్యాంకు ముందే పూర్తిగా నింపుకొని, ఒత్తిడి గేజి కనిపించే చోట ఒక మనిషిని కూర్చోబెట్టుకోవాలి. ట్యాంకులో 8 కిలోలుండి సిలిండర్‌కు 6 కిలోలు ఇస్తున్నప్పుడు కరెంటు పోతే, రింగులు ఎంత గాలి వదులుతాయనే దాన్నిబట్టి మీకు కొన్ని నిమిషాల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో స్ప్రింగును, లాకులను (స్ప్రింగు మీది క్యాప్‌ను వాల్వు కాడకు పట్టి ఉంచే చిన్న ముక్కలను) తిరిగి పెట్టేయగలగాలి. అందుకే ఒకేసారి ఒక్క వాల్వు స్ప్రింగే విప్పాలి, రెండోది ముట్టుకోకూడదు.

ట్యాంకు అడుగున చేరిన నీటిని మొదలుపెట్టే ముందే వదిలేయాలి. కార్తీకమాసపు వానల్లో, ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు మీద కురిసే రోజుల్లో, ఒక్క పూటలోనే ట్యాంకులో గ్లాసుల కొద్దీ నీరు చేరుతుంది. ఆ నీరు గాలితోపాటు సిలిండర్‌లోకి పోతే బోరు మీద రాత్రికి రాత్రే తుప్పు పొర ఎక్కుతుంది.

గొట్టాన్ని ప్లగ్ రంధ్రానికి కలపడానికి ఒక అడాప్టరు కావాలి. ఎక్కువ పెట్రోలు ఇంజిన్లలో ప్లగ్ మర 14 మిల్లీమీటర్ల వ్యాసం, 1.25 మిల్లీమీటర్ల పిచ్‌తో (మర చుట్ల మధ్య ఎడంతో) ఉంటుంది. మర పొడవు మాత్రం అన్నిటికీ ఒకటి కాదు కాబట్టి అడాప్టరును తీసిన ప్లగ్ పక్కన పెట్టి పోల్చుకోవాలి. పొడవు ఎక్కువైతే పిస్టన్‌కు తగులుతుంది. కంప్రెషన్ గేజి గొట్టం ఇంట్లో ఉంటే అదే సరిపోతుంది, అయితే దాని చివర సిలిండర్ వైపున్న చిన్న వాల్వు పిన్నును, టైరు ట్యూబు పిన్ను తీసినట్టే, తీసేయాలి. అది గాలిని సిలిండర్‌లోంచి గొట్టంలోకి మాత్రమే రానిస్తుంది కనుక, అది ఉంటే కంప్రెసర్ గాలి సిలిండర్‌లోకి పోదు. పాత ప్లగ్‌లోంచి పింగాణీ తొలగించి నిపుల్ వెల్డింగ్ చేయించి వాడేవారూ ఉన్నారు. వెల్డింగ్ సరిగా లేకపోతే అది ముఖం మీదికి ఎగురుతుంది కనుక దుకాణంలో దొరికే అడాప్టరునే కొనుక్కోమంటాను.

వీటికి తోడు పైనుంచి నొక్కే లివరు రకపు స్ప్రింగు కంప్రెసరు, పొడుగాటి కాడ ఉన్న అయస్కాంతం, సన్నని పట్టకారు, టార్క్ రెంచి, ఫీలర్ గేజి, కొత్త కవరు గాస్కెట్, కళ్లద్దాలు దగ్గర ఉంచుకోవాలి. హెడ్ విప్పినప్పుడు వాడే సి-ఆకారపు కంప్రెసరు ఇక్కడ పనికిరాదు. దాని ఒక కొస వాల్వు తల కింద ఆనాలి, ఇక్కడ ఆ చోటు సిలిండర్ లోపల ఉంటుంది. నెల్లూరు ఆటోనగర్ వంటి చోట లివరు రకం అడిగితే దొరుకుతుంది. కొనే ముందు అది మీ ఇంజిన్ మీద ఏ స్టడ్‌కు తగులుకుంటుందో ఊహించి చూసుకోండి.

విప్పడం

ఇంజిన్‌ను ఒకసారి వేడి చేసి ఆపితే రింగుల మధ్య నూనె చేరి గాలి తక్కువగా పోతుంది. తరువాత చేయి ఆనించగలిగేంత చల్లారనిచ్చి పని మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి. ప్లగ్ గుంతలలోని దుమ్మును, ముఖ్యంగా చీమకుర్తి వైపు గ్రానైటు లారీల రోడ్ల మీద తిరిగిన బండి అయితే, ప్లగ్‌లు విప్పకముందే గాలితో ఊది తుడవాలి; ఆ రాతి పొడి ఒక చిటికెడు సిలిండర్‌లో పడినా బోరు గీతలు పడుతుంది. తరువాత ప్లగ్‌లన్నీ తీసేయాలి. అన్నీ తీస్తేనే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది.

కవరు తీశాక, హెడ్ మీద నూనె కిందికి దిగే రంధ్రాలన్నిటినీ శుభ్రమైన గుడ్డ పీలికలతో మూయాలి. వాల్వు లాకు చూపుడు వేలి గోరంత ఉంటుంది. అది ఆ రంధ్రంలో పడితే ఇంజిన్ అడుగున నూనె నిలిచే సంపు విప్పేదాకా దొరకదు. పీలికలు ఎన్ని పెట్టారో కాగితం మీద రాసుకొని, చివర్లో అన్నీ తీశారో లేదో లెక్క చూసుకోవాలి.

రాకర్ల అడ్జస్టింగ్ స్క్రూలను వదులు చేసి, షాఫ్టు బోల్టులను మాన్యువల్ చెప్పిన వరుసలో ఒక్కొక్కటి సగం చుట్టు చొప్పున వదులు చేయాలి. ఒకే బోల్టును పూర్తిగా విప్పితే స్ప్రింగుల ఒత్తిడికి షాఫ్టు వంగుతుంది. పుష్ రాడ్లను పైకి లాగే ముందు వేళ్లతో మెలితిప్పి కదిలించాలి. లేకపోతే నూనె పట్టుకు కింద క్యామ్ మీద ఆని ఉన్న ట్యాపెట్ కూడా లేచి తన చోటునుంచి తప్పుకుంటుంది. తీసిన రాడ్లను ఒక అట్టముక్కకు రంధ్రాలు చేసి, ముందునుంచి వెనక్కి వరుసగా గుచ్చి, అంకెలు వేసి పెట్టండి. ఏ రాడ్డు ఏ రాకరుతో అరిగిందో దానితోనే తిరిగి కలవాలి.

పిస్టన్‌ను పైకి తెచ్చి బంధించడం

ఈ పని మొత్తంలో తొందర పనికిరాని దశ ఇదే. రాకర్లు తీసేశాం కాబట్టి అన్ని వాల్వులూ మూసే ఉంటాయి, అందువల్ల ఏ స్ట్రోకులో పైకి వచ్చినా ఫరవాలేదు. క్యామ్‌షాఫ్టు పైన ఉండి అలాగే బిగించి ఉన్న ఇంజిన్ అయితే మాత్రం కంప్రెషన్ స్ట్రోకు చివరనే ఆపాలి, లేదంటే ఒక వాల్వు తెరుచుకొని ఉండి గాలి అంతా దాని గుండా పోతుంది.

పిస్టన్‌ను కింది అంచున పెట్టి పనిచేసేవారు కూడా ఉన్నారు, అక్కడ క్రాంకు తిరగడానికి చోటు లేదన్నది వారి వాదన. ఆ వాదన సరైనదే గానీ, గాలి పోయి వాల్వు జారిందంటే అది పూర్తిగా సిలిండర్‌లోకి పడిపోతుంది, అప్పుడు హెడ్ విప్పక తప్పదు. పిస్టన్ పై అంచున ఉంటే వాల్వు కొంచెం జారి పిస్టన్ మీద ఆనుతుంది, కాడ కొస ఇంకా చేతికి అందుతూనే ఉంటుంది. మొదటిసారి చేసేవారు తప్పకుండా పై అంచునే ఎంచుకోవాలి.

పై అంచు ఎక్కడో తెలుసుకోవడానికి ప్లగ్ రంధ్రంలో పొడుగాటి ప్లాస్టిక్ స్ట్రా ఒకటి పెట్టి, క్రాంకు బోల్టుకు పాన వేసి తిప్పుతూ స్ట్రా లేచే తీరు చూడాలి. కొబ్బరి ఈనె, పెన్సిలు వంటివి లోపల విరుగుతాయి కనుక వద్దు. పై అంచు దగ్గర క్రాంకు కొన్ని డిగ్రీలు తిరిగినా స్ట్రా కదలదు, కాబట్టి స్ట్రా దిగడం మొదలయ్యే చోటును ఇరువైపులా పుల్లీ మీద సుద్దతో గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్యలో ఆపండి. 4 సిలిండర్ల ఇంజిన్‌లో 1, 4 పిస్టన్లు కలిసి పైకి వస్తాయి, 2, 3 పిస్టన్లు కలిసి వస్తాయి. అందువల్ల ఒకసారి ఆపితే రెండు సిలిండర్ల పని ఒకదాని తరువాత ఒకటి చేయవచ్చు.

ఇప్పుడు బంధించాలి. గేరు టాప్‌లో వేయండి, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగండి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. కింది గేర్లలో గేరుబాక్సు ఇంజిన్ మెలిని చక్రాల దగ్గర మరింత పెంచుతుంది కాబట్టి బ్రేకు దాన్ని ఆపలేకపోవచ్చు, టాప్ గేరులో ఆ పెంపు తక్కువ. దీనితో సరిపెట్టుకోకుండా క్రాంకు బోల్టుకు పొడుగాటి పాన వేసి, అది చాసిస్‌కు గట్టిగా ఆనేట్టు చూసి, తాడుతో కట్టేయాలి. పానను చేత్తో పట్టుకోమని ఎవరికీ చెప్పవద్దు. గాలి ఎక్కించాక ఫ్యాను, బెల్టు దగ్గరికి ఎవరి చేయీ పోకూడదు.

గాలి ఎక్కించి వినడం

రెగ్యులేటరును మొదట 1 కిలోకే పెట్టి గాలి వదలండి. పుల్లీ మీది గుర్తు కదిలిందా? కదిలితే గాలి దించేసి మళ్లీ సర్దుకోవాలి. కదలకపోతే మెల్లగా 6 కిలోల దాకా పెంచండి. 7 దాటనవసరం లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెవి పెట్టి వినండి, ఎందుకంటే ఆ ఇంజిన్ ఆరోగ్యం గురించి ఇంత స్పష్టంగా చెప్పే పరీక్ష ఇంకొకటి లేదు. గాలి కార్బురేటరు నోటినుంచి వస్తుంటే ఇన్లెట్ వాల్వు సీటులో సరిగా కూర్చోవడం లేదు. సైలెన్సరు గొట్టంనుంచి వస్తుంటే ఎగ్జాస్ట్ వాల్వు. నూనె పోసే రంధ్రంలోనో డిప్‌స్టిక్ గొట్టంలోనో సన్నగా ఈల వినిపిస్తే రింగులు; కొద్దిగా వినిపించడం సహజమే, పెద్ద హోరుగా ఉంటే బోరు అరిగినట్టు. రేడియేటరు మూత తీసి చూస్తే బుడగలు వస్తున్నాయంటే హెడ్ గాస్కెట్ పోయింది, లేదా హెడ్ పగిలింది. పక్క సిలిండర్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి వస్తే రెండు సిలిండర్ల మధ్య గాస్కెట్ తెగింది. ఎగ్జాస్ట్ వాల్వు గట్టిగా లీకవుతున్న ఇంజిన్‌కు కొత్త స్ప్రింగులు వేయడం డబ్బు దండగ. అక్కడితో పని ఆపి, హెడ్ దించడానికి సిద్ధపడండి.

లాకులు, స్ప్రింగు తీయడం

చాలాకాలం కదలని లాకులు స్ప్రింగు క్యాప్‌లో బిగుసుకొని ఉంటాయి. క్యాప్ అంచు మీద మాత్రమే కూర్చునే సైజు సాకెట్‌ను దాని మీద పెట్టి, పైన మందపాటి గుడ్డ కప్పి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ తేలిగ్గా వేయండి. వాల్వు క్షణంపాటు తెరుచుకొని బుస్సుమని గాలి వచ్చి మూసుకుంటుంది, భయపడనక్కర లేదు. ఇది గాలి ఎక్కించి, పిస్టన్ పైన ఉన్నప్పుడే చేయాలి. గాలి లేకుండా కొడితే, లాకులు ఊడి వచ్చిన పక్షంలో వాల్వు అక్కడే జారిపోతుంది.

తరువాత లివరు కంప్రెసరుతో క్యాప్‌ను తిన్నగా కిందికి నొక్కండి. పక్కకు వంచి నొక్కితే వాల్వు కాడ వంగుతుంది. లాకులు బయటపడేంత వరకే నొక్కి, అయస్కాంతంతో రెండింటినీ తీసి, మూత ఉన్న డబ్బాలో వేయండి. ఆపైన లివరును మెల్లగా వదిలి క్యాప్‌ను, స్ప్రింగును పైకి తీయండి.

వెంటనే చేయవలసింది ఒకటుంది. సన్నని రబ్బరు బ్యాండు ఒకటి తీసుకొని, కాడ పైన లాకులు కూర్చునే గాడిలో నాలుగైదు చుట్లు బిగుతుగా చుట్టండి. ఒకవేళ గాలి పోయినా ఆ రబ్బరు ముద్ద గైడ్ (వాల్వు కాడ కదిలే గొట్టం) నోటి దగ్గర అడ్డుపడి, వాల్వు జారకుండా ఆపుతుంది. సీలు మార్చేటప్పుడు మాత్రం దాన్ని తీయవలసి వస్తుంది కాబట్టి ఆ కొద్దిసేపూ గేజి మీద కన్ను పెట్టిన మనిషి కదలకూడదు.

పాత స్ప్రింగును కొత్తదానితో పోల్చడం

వెర్నియర్‌తో పాత స్ప్రింగు స్వేచ్ఛగా ఉన్నప్పటి పొడవు కొలిచి మాన్యువల్ హద్దుతో పోల్చండి. సమతలమైన గాజు పలక మీద నిలబెట్టి మూలమట్టం ఆనించి చూస్తే ఎంత ఒరిగిందో తెలుస్తుంది. చాలా ఇంజిన్లకు ఒరుగుడు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు దాటితే పనికిరాదు. అయితే పొడవు సరిగా ఉన్న స్ప్రింగు కూడా బలం కోల్పోయి ఉండవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. పాత స్ప్రింగును, కొత్త స్ప్రింగును ఒకే వరుసలో, మధ్యలో ఒక చదునైన ఇనుప బిళ్ల పెట్టి, బెంచి వైస్ దవడల మధ్య ఉంచి మెల్లగా బిగించండి. రెండింటి మీదా పడేది ఒకే ఒత్తిడి. అందువల్ల ఏది ఎక్కువ కుంగితే అది బలహీనం. రెండు స్ప్రింగుల పొడవులను అలాగే ఉంచి స్కేలుతో కొలిస్తే తేడా కళ్ల ముందే కనబడుతుంది. కొలిచేటప్పుడు స్ప్రింగు ఎగిరి పడకుండా గుడ్డ కప్పి ఉంచడం అవసరం.

కొత్త స్ప్రింగులు మీ ఇంజిన్‌కు చెప్పినవే వేయాలి. గట్టి స్ప్రింగులు వేస్తే బండి బాగా లాగుతుందని చెప్పేవారి మాట వినకండి. మామూలు వాడకంలో వాటివల్ల వచ్చేది క్యామ్ అరుగుదల, ట్యాపెట్ అరుగుదల మాత్రమే. ఒక చివర చుట్టలు దగ్గరగా ఉన్న స్ప్రింగు అయితే, చాలా ఇంజిన్లలో ఆ చివర కిందికి, హెడ్ వైపు ఉండాలి. లోపల ఒకటి, బయట ఒకటి రెండు స్ప్రింగులుండే ఇంజిన్లలో అవి ఎదురెదురు దిశల్లో చుట్టి ఉంటాయి, ఒకదాని చుట్టలు ఇంకొకదానిలో చిక్కుకోకుండా. స్ప్రింగు తీగను కటింగ్ ప్లయర్‌తో పట్టుకోవద్దు. అక్కడ పడ్డ చిన్న గీత దగ్గరే రేపు విరుగుతుంది. పాత స్ప్రింగు కింద పలుచని బిళ్లలు ఉంటే అవి తిరిగి అదే వాల్వుకు చేరాలి.

సీలు, తిరిగి కూర్చడం

ఇంత దూరం వచ్చాక పాత సీలును ఉంచడం సరికాదు. ప్లయర్‌తో పట్టుకొని మెలితిప్పుతూ నిలువుగా పైకి లాగితే వస్తుంది. కొత్త సీలు లోపల ఇంజిన్ ఆయిలు రాసి, కాడ కొస మీద సీళ్లతోపాటు వచ్చే ప్లాస్టిక్ టోపీని, లేకపోతే ఒక చుట్టు పలుచని టేపును వేసి, దాని మీదుగా సీలును జార్చండి. లాకుల గాడి అంచు పదునుగా ఉంటుంది. టోపీ లేకుండా జారిస్తే సీలు పెదవి కోసుకుపోతుంది. తరువాత సరిపోయే సాకెట్‌తో గైడ్ మీద చివరిదాకా నొక్కాలి. ఇన్లెట్ సీలు, ఎగ్జాస్ట్ సీలు రంగు వేరుగా ఉంటే అవి వేరువేరని గ్రహించండి. ఆంబాసడర్ వంటి పాత ఇంజిన్లలో గైడ్ మీది సీలుకు బదులు కాడ మీద, లాకుల గాడికి కాస్త కింద, ఒక రబ్బరు రింగు ఉంటుంది. దాన్ని స్ప్రింగును నొక్కి పట్టుకున్న తరువాత, లాకులు పెట్టడానికి ముందు ఎక్కించాలి.

స్ప్రింగు, క్యాప్ పెట్టి నొక్కండి. లాకుల లోపలి వైపు కాస్త గ్రీజు రాస్తే అవి గాడికి అతుక్కొని కదలకుండా ఉంటాయి. రెండు లాకులూ ఒకే ఎత్తులో, మధ్యలో సమానమైన ఎడంతో కూర్చున్నాయని చూసి లివరును మెల్లగా వదలండి. ఆపైన కాడ కొస మీద నైలాన్ సుత్తితో రెండుసార్లు తేలిగ్గా తట్టండి. సరిగా కూర్చోని లాకు ఉంటే ఇప్పుడే ఊడుతుంది, బండి పరుగెత్తేటప్పుడు కాదు. ముఖం పక్కకు పెట్టుకొని తట్టడం మరవకండి.

ఆ సిలిండర్‌లోని రెండు వాల్వులూ అయ్యాక ముందు గాలి మెల్లగా దించాలి, గేజి సున్నాకు వచ్చాకే గొట్టం విప్పాలి, ఆ తరువాతే పాన తాడు విప్పి క్రాంకును కదిలించాలి. ఈ వరుస మారకూడదు. ప్రతి సిలిండర్‌లోనూ ప్లగ్ రంధ్రం గుండా చెంచాడు ఇంజిన్ ఆయిలు పోస్తే, తడి గాలి వల్ల బోరుకు హాని ఉండదు.

గాలి కంప్రెసర్ దొరకని చోట తాడు పద్ధతి ఉంది. పిస్టన్ కొంచెం కింద ఉండగా ప్లగ్ రంధ్రం గుండా మెత్తని నూలు తాడును, ఒక కొస బయటే ఉంచి, లోపలికి కుక్కి, పిస్టన్‌ను చేత్తో పైకి తిప్పితే తాడు ముద్ద వాల్వులకు కిందినుంచి ఆనుతుంది. కరెంటు భయం లేదు, క్రాంకు తిరిగే భయం లేదు. పోగులు ఊడని తాడు కావాలి, లీకులు వినే అవకాశం మాత్రం ఉండదు. డీజిల్ ఇంజిన్లలో గాలిని గ్లో ప్లగ్ రంధ్రంలోంచో ఇంజెక్టరు రంధ్రంలోంచో ఎక్కిస్తారు. వాటిలో పిస్టన్‌కు, హెడ్‌కు మధ్య ఎడం బాగా తక్కువ కనుక, వాల్వులు నిలువుగా ఉన్నవైతే, పిస్టన్ సరిగ్గా పైన ఉన్నప్పుడు వాల్వు జారేది కొద్దిగానే. అయినా గాలి ఉంటే పని సుఖంగా సాగుతుంది.

ట్యాపెట్లు, మొదటి స్టార్టు

పుష్ రాడ్లను వాటి వాటి రంధ్రాల్లో దించి, కింద ట్యాపెట్ గుంటలో కూర్చున్నాయని వేలితో తిప్పి చూడండి. రాకర్ షాఫ్టును విప్పినట్టే సగం చుట్టు చొప్పున, ఈసారి మాన్యువల్ చెప్పిన టార్కుకు బిగించండి. తరువాత ట్యాపెట్ క్లియరెన్సు, అంటే రాకరుకు, వాల్వు కాడ కొసకు మధ్య ఉండవలసిన ఎడం. ఆంబాసడర్ వంటి, 8 వాల్వులు ఒకే వరుసలో ఉన్న ఇంజిన్లలో తొమ్మిది లెక్క పనికొస్తుంది: 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వ దానిని, 7వది తెరుచుకున్నప్పుడు 2వ దానిని, ఇలా కలిపితే 9 వచ్చే జతను సరిచేయాలి. ఎంత ఎడం ఉంచాలన్నది, వేడిగా ఉన్నప్పుడు కొలవాలా చల్లగా ఉన్నప్పుడా అన్నది మీ ఇంజిన్ మాన్యువల్ చెప్పినట్టే చేయాలి.

గుడ్డ పీలికలన్నీ తీసి లెక్క సరిచూసుకోండి. రాకర్ల మీద నూనె పోయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్‌లు ఇంకా బిగించకముందే క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా వెతకాలి. అంతా సాఫీగా ఉంటే ప్లగ్‌లు, కవరు బిగించి స్టార్టు చేయండి. పోసిన నూనె మండి ఒకటి రెండు నిమిషాలు నీలి పొగ వస్తుంది, అది ఆగిపోవాలి. మొదటి పది నిమిషాలు మెల్లగా నడవనిచ్చి, కవరు అంచులు తుడిచి నూనె చెమ్మ ఉందేమో చూడండి. 500 కిలోమీటర్లు తిరిగాక కవరు మళ్లీ తీసి, లాకులు, రాకర్లు సర్దుకున్నాక క్లియరెన్సు ఏమాత్రం మారిందో కొలిచి సరిచేసి, రాకర్ బోల్టుల టార్కు చూసి, కవరు మూసేయండి.